బోల్తా పడ్డాక మిగిలేదే సరంజామా

హ్యూస్టన్‌కు దక్షిణంగా, గాల్వెస్టన్ దీవి వెనకాల వెస్ట్ బే ఉంది. చాలాచోట్ల మనిషి కాళ్ళాన్చి నిలబడగలిగేంత లోతే. కయాక్ వేసుకుని చేపలకు వెళ్ళడం మొదలుపెట్టిన తొలి ఏడాది, అక్టోబరులో ఒక పొద్దున నా పడవ అక్కడే తిరగబడింది. దూరంగా ఒక మోటారు బోటు పోయింది. దాని అల నన్ను చేరేసరికి నేను వెనక్కి తిరిగి పెట్టెలో పట్టకారు వెతుక్కుంటున్నాను. పడవ ఒరిగిందని తెలిసేలోపే నీళ్ళలో ఉన్నాను. కాళ్ళు బురదలో దిగాయి, నీళ్ళు రొమ్ము దాకా వచ్చి ఆగాయి. ప్రాణానికేం భయం లేదు. కానీ సీటు వెనక రబ్బరు తాడు కింద దోపిన లైఫ్ జాకెట్ అప్పటికే గాలివాటున ముప్పై అడుగులు కొట్టుకుపోయింది. ఎరల పెట్టె, పట్టకారు, రెండు గాలం కర్రలు, ఫోను, కారు తాళాలు ఎక్కడున్నాయో తెలియదు. నాతో మిగిలినవి మూడే: తాడుతో పడవకు కట్టిన తెడ్డు, గుండీ పెట్టిన జేబులోని చిన్న కత్తి, మెడలో విజిల్.

కయాక్‌లో చేపలకు వెళ్ళేటప్పుడు ఏమేం పట్టుకెళ్ళాలని ఎవరడిగినా ఆ రోజు నుంచి నా లెక్క ఒకటే. పడవ బోల్తా పడ్డాక చేతికి అందేది సరంజామా. తక్కినదంతా నీళ్ళకిచ్చిన అప్పు. ఈ విషయం మీద పుస్తకాలు, పత్రికలు, దుకాణాల జాబితాలు చాలానే వచ్చాయి. ఎక్కువ భాగం కర్రా రీలుతో మొదలై లైఫ్ జాకెట్‌తో ముగుస్తాయి. ఆ వరసను తిరగేసి చదవాలని నా అభిప్రాయం. ఎందుకో చెప్పడానికే ఇదంతా.

ఈ లెక్క కయాక్ పుట్టినచోటే ఉంది. గ్రీన్‌లాండ్, ఉత్తర కెనడా ఇన్యూట్ వేటగాళ్ళు చెక్క చట్రానికి సీల్ తోలు బిగించి కుట్టిన పడవ అది. వాళ్ళ భాషలో దాని పేరు కయాక్. వేటగాడి ముందు చుట్ట చుట్టిన తాడు, పక్కన ఈటె, వెనకాల గాలి ఊదిన సీల్ తోలు తిత్తి. ప్రతి వస్తువూ తోలు పట్టీల కింద తన చోట తాను ఉంటుంది. కళ్ళు సీల్ మీదినుంచి తిప్పకుండానే చెయ్యి చాస్తే అందాలి. ఒంటిమీద తోలు చొక్కా అంచును పడవ మూతికి బిగించుకుంటాడు గనక తిరగబడినా లోపలికి నీళ్ళు రావు, తెడ్డుతో ఒక్క విసురుకు లేచి కూర్చుంటాడు. గడ్డకట్టే నీళ్ళలో ఏది ఎక్కడుండాలన్నది వాళ్ళకు చావుబతుకుల సంగతి.

ఇప్పుడు చేపలకు వాడేది ఆ రకం కాదు. 1970లలో కాలిఫోర్నియాలోని మలిబూ తీరంలో టిమ్ నీమియర్ అనే యువకుడు పడవలో దిగి కూర్చునే బదులు పడవమీదే కూర్చునే కయాక్‌ను ప్రచారంలోకి తెచ్చాడు. పైనుంచి అడుగు దాకా చిల్లులుంటాయి. పైన పడ్డ నీళ్ళు వాటిలోంచి కిందికి దిగిపోతాయి, తోడిపోసే పని లేదు. ఆ మాట విన్నప్పుడు నాకు మన ఉత్తరాంధ్ర తెప్ప గుర్తొచ్చింది. చెక్కిన దుంగలను పక్కపక్కన పేర్చి తాళ్ళతో కట్టేదే తెప్ప. అల మీదపడితే దుంగల సందుల్లోంచి దిగిపోతుంది. మునిగేందుకు దానికి కడుపే లేదు. శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా మన మత్స్యకారులు తరతరాలుగా ఎక్కింది ఈ సూత్రాన్నే. తెప్పమీద కట్టనిది ఏదీ తమది కాదన్న సంగతి ఎక్కిన తొలి రోజే తెలిసిపోతుంది. పన్నెండడుగుల ప్లాస్టిక్ కయాక్ కొన్నవాడికి మాత్రం సీటూ కప్పు పెట్టుకునే గుంటా చూసి కారెక్కినట్టుంటుంది. అక్కడే మోసపోతాడు.

ఇక సామాను. ముందు ఒంటిమీదిది.

అమెరికా కోస్ట్ గార్డ్ ఏటా పడవ ప్రమాదాల లెక్క ప్రకటిస్తుంది. 2023లో 564 మంది చనిపోయారు. కారణం తెలిసిన మరణాల్లో నాలుగింట మూడు మునక వల్లే. అలా మునిగినవాళ్ళలో లైఫ్ జాకెట్ వివరం తెలిసినంతవరకు నూటికి 87 మంది అది వేసుకోలేదు. ఈ ఒక్క అంకె పక్కన మిగతా సామాను గురించిన చర్చంతా చిన్నదైపోతుంది. చట్టం ప్రకారం కయాక్‌లోనూ మనిషికొక జాకెట్ ఉండాలి, పదమూడేళ్ళలోపు పిల్లలు వేసుకునే ఉండాలి. పెద్దవాళ్ళకు ఉంటే చాలు, వేసుకోనక్కర్లేదు. చట్టంలోని ఈ సందులోంచే చాలామంది జారిపోతున్నారు. నాలాగా సీటు వెనక దోపుకున్నా చట్టం తృప్తిపడుతుంది. నీళ్ళలో పడ్డాక ఆ జాకెట్‌ను పట్టుకుని, పట్టీలు విప్పి, చేతులు దూర్చి తొడుక్కోవడం మామూలు ఈతగాడి వల్ల అయ్యే పని కాదు. ఒకసారి ఈత కొలనులో ప్రయత్నించి చూడండి, నమ్మకం కుదురుతుంది.

ఏ జాకెట్ అన్నదగ్గర అనుభవజ్ఞులు రెండు పక్షాలు. నురుగు పలకలు కుట్టిన మామూలు జాకెట్ మేలని ఒక పక్షం. గ్యాస్ గొట్టంతో ఉబ్బే సన్నటి రకం ఎండలో సుఖమనీ, సుఖంగా ఉంటేనే మనిషి వేసుకుంటాడనీ రెండో పక్షం. రెండో వాదనలో న్యాయం లేకపోలేదు. అయినా నేను మొదటి పక్షమే. ఉబ్బే రకానికి గొట్టం మార్చాలి, తుప్పు చూసుకోవాలి, పదహారేళ్ళలోపు పిల్లలకు అది పనికిరాదు. నడుముకు కట్టుకునే రకమైతే ఉబ్బాక తలమీంచి వేసుకోవాలి. తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పినవాడు ఆ పని చేసుకోలేడు. నురుగు జాకెట్‌కు ఏ మీటా నొక్కక్కర్లేదు. పెద్దల జాకెట్ కనీసం పదిహేనున్నర పౌండ్లు, అంటే ఏడు కిలోల బరువును తేల్చగలగాలి. చాలామందికి తల నీటిపైన నిలవడానికి అది సరిపోతుంది. వీపు పలక ఎత్తుగా కుట్టినది కొనుక్కుంటే కయాక్ సీటుకు ఒరుసుకోదు.

మనవాళ్ళ సంగతి విడిగా చెప్పాలి. చెరువూ కాలవా పక్కనే పెరిగినా ఈత నేర్వనివాళ్ళు మనలో ఎక్కువ. చదువుకోసం వచ్చిన తెలుగు పిల్లలు అమెరికా చెరువుల్లో, జలపాతాల దగ్గర మునిగిపోయిన వార్త వచ్చినప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది. కొడుకునో కూతురినో చేపలకు తీసుకెళ్ళదలచిన ప్రతి తండ్రికీ నేను చెప్పేది, గాలం కొనకముందే ఈత తరగతికి డబ్బు కట్టమని.

జాకెట్ వేసుకుంటే దాని జేబులు మనతోపాటు నీళ్ళలో పడతాయి. అందుకే అవసరమైన చిన్న వస్తువులన్నీ వాటిలోకి వెళ్ళాలి. బంతి లేని ప్లాస్టిక్ విజిల్ ఒకటి. బంతి ఉంటే నానినప్పుడు ఇరుక్కుంటుంది. ఒక్క చేత్తో తెరవగలిగే, తుప్పు పట్టని కత్తి. చీకటిలో వెళ్ళేవాళ్ళకు చిన్న దీపం. దాంతోపాటు పడవ వెనక కర్ర చివర అన్నివైపులా కనిపించే తెల్ల దీపం, పగలైతే నారింజ జెండా. కయాక్ నీటికి అంగుళాల ఎత్తులో ఉంటుంది. ఎదురెండలో వేగంగా వచ్చే బోటు నడిపేవాడి కంటికి అది ఆనదు. ఆ మనిషి మంచివాడైనా సరే.

చలి సంగతి టెక్సస్ వాళ్ళం తేలిగ్గా తీసుకుంటాం. మానిటోబా విశ్వవిద్యాలయం ఆచార్యుడు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చన్నీటి ప్రమాదాన్ని 1-10-1 అని గుర్తుపెట్టుకోమన్నారు. చల్లటి నీళ్ళలో పడిన తొలి ఒక్క నిమిషం ఊపిరి ఎగశ్వాసవుతుంది, అప్పుడు తల పైన నిలిపితే చాలు. తరవాత పది నిమిషాలు చేతులూ వేళ్ళూ మన మాట వింటాయి. ఆపైన సుమారు గంటలో ఒంటి వేడి పడిపోయి స్పృహ తప్పుతుంది. నడిమి పది నిమిషాలే అసలు గడువు. తిరిగి పడవెక్కడం, రేడియో నొక్కడం అన్నీ ఆ లోపలే కావాలి. హ్యూస్టన్‌లో జనవరి మధ్యాహ్నం చొక్కా చాలనిపిస్తుంది, అఖాతంలో నీళ్ళు మాత్రం పది పన్నెండు డిగ్రీల సెల్సియస్‌లో ఉండొచ్చు. గాలిని చూసి బట్టలు కట్టుకోవద్దు, నీటిని చూసి కట్టుకోండి. పైగా చలికాలంలో ఉత్తరపు గాలి ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. ఆ గాలి అఖాతంలోని నీళ్ళనే సముద్రంలోకి తోసేస్తుంది. పొద్దున రెండడుగుల నీళ్ళమీద వెళ్ళినవాడు సాయంత్రం బురదలో పడవ ఈడ్చుకురావాలి. అందుకే ఇంటి దగ్గర చూసుకునే గాలి సూచన కూడా సామానే. ఖర్చు లేదు, బరువు లేదు. గంటకు పదిహేను మైళ్ళ గాలి అన్నారంటే నేను వెళ్ళను.

ఆపదలో ఎవరిని ఎలా పిలవాలన్నదాని మీద వాదన ఇంకా తెగలేదు. ఫోను చాలంటారు కొందరు. నీళ్ళు చొరని సంచిలో పెట్టినా తడి వేళ్ళకు తెర పలకదని నాకు అనుభవమే. తీరానికి దూరమైతే సిగ్నలూ ఉండదు. చేతిలో పట్టే వీహెచ్‌ఎఫ్ రేడియోల్లో నీళ్ళలో తేలే రకం ఉంది, తడిచేత్తో మీట నొక్కొచ్చు, పదహారో ఛానల్‌లో పిలిస్తే కోస్ట్ గార్డుతోపాటు చుట్టుపక్కల బోట్లన్నీ వింటాయి. దగ్గరున్న బోటే ముందుగా ఆదుకునేది. ఒడ్డు కనపడనంత దూరం పోయేవాళ్ళకు 406 మెగాహెర్ట్జ్‌లో ఉపగ్రహానికి కేక వేసే చిన్న బీకన్ ఉంది. అమెరికాలో సముద్ర, వాతావరణ సంస్థ నోవా దగ్గర ఉచితంగా నమోదు చేసుకోవాలి. నేను ఫోనూ రేడియో రెండూ పట్టుకెళతాను. వీటన్నిటికంటే ముందు, ఫ్రిజ్ తలుపుమీద ఒక కాగితం అంటించి వెళతాను. ఎక్కడ దిగుతున్నానో, ఎటు పోతున్నానో, కారు ఎక్కడుందో, ఎన్నింటికి రాకపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలో అందులో ఉంటుంది. మా ఆవిడ మొదట్లో ఆ కాగితం చూస్తే భయమేస్తోందంది. ఇప్పుడు అది లేకుండా నన్ను గడప దాటనివ్వదు.

భీమిలిలోనో సూర్యలంకలోనో కయాక్ వెయ్యాలనుకునేవాళ్ళకు కూడా ఈ లెక్కే వర్తిస్తుంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్రపు స్థితి, ఎత్తైన అలల హెచ్చరికలు ప్రకటిస్తుంది. బయల్దేరే ముందు అవి చూడాలి. మన కోస్ట్ గార్డుకు 1554 నంబరు ఉంది. అంతకంటే ముందు ఆ ఊరి మత్స్యకారుణ్ణి పలకరించాలి. ఏ నెలలో ఏ వేళ అల ఎక్కడ విరుగుతుందో అతనికి తెలిసినంతగా ఏ యంత్రానికీ తెలియదు.

పడవకు సంబంధించిన వాటిలో తెడ్డు మొదటిది. కూర్చునే చోటు ఎత్తుగా, పడవ వెడల్పుగా ఉండే ఈ కయాక్‌లకు 240 నుంచి 260 సెంటీమీటర్ల పొడవు కావాలి. డబ్బుంటే పడవమీదకంటే తెడ్డుమీద ఖర్చుపెట్టమంటాను. రోజంతా భుజాలు మోసేది దాన్నే. తెడ్డుకు తాడు కట్టాలా వద్దా అన్నది పాత తగువు. అలలు విరిగేచోట, వేగంగా పారే ఏట్లో ఆ తాడు మెడకో కాలికో చుట్టుకుంటుందని వద్దనేవాళ్ళు చెబుతారు. వాళ్ళ భయం నిజమే. నిలకడ నీళ్ళలో, గాలం వేసేటప్పుడు మాత్రం కట్టి తీరాలి. ఆ రోజు నా తెడ్డు తాడుకు లేకపోతే చేతుల్తో ఈదుకుంటూ వచ్చేవాణ్ణి. రెండు ముక్కలుగా విడిపోయే చిన్న తెడ్డు ఇంకోటి లోపల పడేసుకోవాలి. 1997లో హోబీ కంపెనీ కాళ్ళతో తొక్కే యంత్రాన్ని తెచ్చాక చాలామంది తెడ్డును మరిచేపోయారు. తొక్కుడు పడవలో చేతులు రెండూ గాలానికి ఖాళీ అవుతాయి, నిజమే. నాచు చుట్టుకుని ఆ రెక్కలు ఆగిపోయిన రోజున తెడ్డు విలువ తెలుస్తుంది.

లంగరు దగ్గర తొందరపాటు ప్రాణం తీస్తుంది. పారే నీళ్ళలో పడవ పక్కనుంచి లంగరు వేస్తే ప్రవాహం పడవను అడ్డం తిప్పి, తాడున్న వైపుకు ఒరగదీసి ముంచేస్తుంది. ఎప్పుడూ ముక్కు నుంచో తోక నుంచో వెయ్యాలి. పక్కన కప్పీల మీద తిరిగే తాడు ఒకటి బిగించుకుంటే కూర్చున్నచోటినుంచే లంగరును ఆ చివరికీ ఈ చివరికీ జరపొచ్చు. లంగరు తాడు ఒక్క లాగుతో ఊడిపోయేలా ముడి వేసి, చివర ఒక బెండు కట్టుకోవాలి. వదిలేసి వచ్చినా తరవాత వెతుక్కోవచ్చు. ముడి ఊడకపోతే కొయ్యడానికే జేబులో కత్తి. లోతులేని బురదలో లంగరుకంటే గెడ మేలు. ఆరేడడుగుల సన్నటి ఫైబర్ కర్ర బురదలో దిగేసి పడవ కట్టేస్తే చప్పుడే ఉండదు. మన ఏటి పడవలవాళ్ళు చేసేది చూసి పెరిగినవాడికి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు.

గాలాల విషయం త్వరగా తేల్చేస్తాను, ఎందుకంటే వీటి గురించే అందరూ చెబుతారు. ఏడడుగుల కర్రలు రెండు చాలు, నాలుగు వద్దు. ఒకదానికి బెండు కింద బతికున్న రొయ్య, ఇంకోదానికి సీసం తల కొక్కెం మీద మెత్తటి ప్లాస్టిక్ ఎర. ప్రతి కర్రకూ తాడు. ఎరలు చొక్కా జేబులో పట్టేంతే.

చేప పడ్డాక వాడే సామాను మీద మాత్రం ఎక్కువ శ్రద్ధ కావాలి. గాల్వెస్టన్ అఖాతంలో ఎర్రచేప పడుతుందని ఆశపడితే నాలుగోసారికి సముద్రపు జెల్ల పడుతుంది. ఇంటి దగ్గర జెల్ల ముల్లు దిగినవాళ్ళకు ఆ మంట చెప్పనక్కర్లేదు. వీపుమీద ఒక ముల్లు, పక్కలకు రెండు. పడవలో పడితే రెండు మోకాళ్ళ మధ్య అది ఎగిరి కొట్టుకుంటుంది. వెనక్కి జరగడానికి చోటు లేదు, లేచి నిలబడితే పడవ ఒరుగుతుంది. అందుకని జెల్లను పడవలోకి ఎక్కించనే కూడదు. నీటి అంచునే పెదవిని పట్టే పట్టుతో బిగించి, పొడుగు ముక్కు పట్టకారుతో కొక్కేన్ని పట్టుకుని మణికట్టు తిప్పితే జెల్ల దానంతటదే నీళ్ళలోకి జారిపోతుంది. ఈ రెండు పనిముట్లకూ చుట్టల తాడు ఉండాలి, కుడిచేతికి అందేచోట ఉండాలి. పట్టకారు వెనక పెట్టెలో ఉన్నందువల్లే నేను వెనక్కి తిరగడం అలవాటు చేసుకున్నాను, ఆ తిరగడంలోనే బోల్తా పడ్డాను.

కొలబద్ద పలక తప్పదు. ఎర్రచేప టెక్సస్‌లో మామూలుగా ఇరవై నుంచి ఇరవై ఎనిమిది అంగుళాల మధ్య ఉంటేనే ఇంటికి తెచ్చుకోవాలి, రోజుకు మూడే. ఇది మన గొరకల కుటుంబం చేప. నీళ్ళలోంచి తీసేటప్పుడు కడుపులోంచి డోలు కొట్టినట్టు గురగురమంటుంది. 2020లో మొదలైన బాస్‌మాస్టర్ కయాక్ పోటీల్లో కూడా చేపను పలకమీద పెట్టి ఫోటో తీసి వదిలేస్తారు, గెలుపు అంగుళాల్లోనే.

వదలకుండా తెచ్చుకునేదైతే మంచు కావాలి. ఆగస్టు ఎండలో చేపను తాడుకు గుచ్చి నీళ్ళలో వేలాడేస్తే మెత్తబడుతుంది, పైగా ఈ అఖాతంలోకి బుల్ షార్కులు వస్తాయి. పట్టిన వెంటనే మొప్పల దగ్గర కోసి నెత్తురు పోనిచ్చి, మంచులో కాస్త ఉప్పునీళ్ళు కలిపిన సంచిలో పెట్టాలి. ఉత్త మంచుగడ్డలకంటే ఆ జావ చేపను అన్నివైపులా తాకి త్వరగా చల్లబరుస్తుంది. సాయంత్రం పులుసులో ముక్క విరగకుండా నిలిచిందంటే ఆ సంచి చలవే.

చేపలు చూపించే సోనార్ యంత్రం గురించి అడిగేవాళ్ళు ఎక్కువ. టెక్సోమా లాంటి లోతైన జలాశయంలో అది నిజంగా కళ్ళిచ్చినట్టే. రెండడుగుల నీళ్ళలో మాత్రం రంగు కళ్ళద్దాలే మేలు. మెరుపును ఆపే పోలరైజ్డ్ అద్దాలు పెట్టుకుంటే నీళ్ళ కింద గడ్డీ ఆల్చిప్పల దిబ్బలూ చేప తోకా కనిపిస్తాయి. ముందు రేడియో కొనండి, కొన్నేళ్ళ తరవాత సోనార్ కొనండి.

మంచినీళ్ళు గంటకు అర లీటరు చొప్పున, తిరిగొచ్చాక కారులో ఇంకో రెండు లీటర్లు. ఉప్పేసిన మజ్జిగ సీసా ఒకటి నేను మానను. పొడుగు చేతుల చొక్కా, మెడ కప్పే గుడ్డ. కాళ్ళకు మందపాటి అడుగున్న బూట్లు ఉండాలి, చెప్పులు పనికిరావు. ఆల్చిప్పల అంచులు బ్లేడులా కోస్తాయి. వెచ్చటి ఉప్పునీటిలో విబ్రియో అనే సూక్ష్మక్రిమి ఉంటుంది, చిన్న గాయంలోంచి దూరి ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణాంతకం కాగలదు. కాలేయ జబ్బున్నవాళ్ళూ చక్కెర జబ్బున్నవాళ్ళూ మరీ జాగ్రత్తగా ఉండాలి. గాయాన్ని అక్కడికక్కడే మంచినీళ్ళతో కడిగి శుభ్రం చేసే సరంజామా పడవలో ఉండాలి. ఎర్రబడి వాచి నొప్పి పెరిగితే ఆ రాత్రే ఆసుపత్రికి పోవాలి. కాళ్ళు ఎత్తి వెయ్యకుండా ఇసుకమీద ఈడ్చి నడవాలి, అడుగున టేకు చేప ఉంటే పక్కకు తప్పుకుంటుంది.

ఇన్ని చెప్పాక బరువు మాట ఎత్తకపోతే తప్పు. పడవమీద రాసిన మోత బరువు నీళ్ళు మీదికొచ్చే హద్దు లాంటిది. మనిషితో కలిపి దానిలో పదింట ఏడు వంతులకు మించకుండా చూసుకుంటే పడవ నిలకడగా ఉంటుంది. బరువైనవి అడుగున, నడిమికి దగ్గరగా. వెనక పెట్టే ప్లాస్టిక్ పాల పెట్టెను నాలుగు మూలలా పడవకు బిగించాలి.

ఇప్పుడు ప్రతి మార్చిలో, నీళ్ళు వెచ్చబడగానే, మా ఇంటికి దగ్గరి చెరువుకు పడవ తీసుకెళతాను. గాల్వెస్టన్‌కు వెళ్ళేటప్పుడు పెట్టుకునే సామానంతా అలాగే పెడతాను, రేడియోతో సహా. రొమ్ములోతు నీళ్ళలో కావాలనే తిరగబడతాను. బోర్లాపడ్డ పడవ మీంచి అవతలి అంచు పట్టుకుని, నా బరువంతా వెనక్కి వేసి తిప్పుతాను. తరవాత కాళ్ళు నీటిమీదికి వచ్చేలా తన్ని, పొట్టమీద పాక్కుంటూ ఎక్కి, పక్కకు దొర్లి కూర్చుంటాను. ఒడ్డున మా అమ్మాయి వాచీ పట్టుకుని నిలబడుతుంది. నేను ఎక్కేసరికి ఎన్ని సెకన్లయిందో చెప్పి, ఆ తరవాత నీళ్ళమీద తేలుతున్నవాటిని వేలుపెట్టి లెక్కపెడుతుంది. మొదటి ఏడాది పదకొండు. పోయిన మార్చిలో ఒక్క టోపీ. దానికి ఇప్పుడు గడ్డం కింద తాడు కుట్టించాను.